అసంపూర్తిగా ఉందని మా పాప బొమ్మ తిప్పి పంపారు. మరి డెగా గీసిన ఈ ఫిడేలు ముసలాయన సంగతేంటి?

సీతమ్మధార_అమ్మ
మా పాప తొమ్మిదో తరగతి. మా మామగారు రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఫిడేలు వాయిస్తారు. దసరా సెలవుల్లో పాప మూడు సాయంత్రాలు ఆయన ఎదురుగా కూర్చుని బొమ్మ వేసింది. మొదట పెన్సిల్, తర్వాత చార్కోల్. దాన్ని ఒక పోటీకి పంపాం. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. కాగితం వెనకాల ఎర్ర ఇంకుతో ఇలా రాశారు: "అసంపూర్తి. గళ్ళు, చెరపని గీతలు ఉన్నాయి. కమాను పట్టిన చెయ్యి రెండుసార్లు గీశారు. నేపథ్యం లేదు."

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. రెండు రోజులుగా డ్రాయింగ్ పుస్తకం అటక మీద పెట్టేసింది.

నిన్న రాత్రి నిద్ర పట్టక న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళ సైట్ తిరగేస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. ఎడ్గార్ డెగా అనే ఫ్రెంచి చిత్రకారుడు 1878-79 ప్రాంతంలో వేసినది. ఆకుపచ్చ కాగితం మీద బొగ్గు, పాస్టెల్ (రంగు సుద్ద కడ్డీలు). ఒక ముసలాయన ఫిడేలు వాయిస్తున్నాడు. గది లేదు, గోడ లేదు. బొగ్గు గీతలు గీతల్లాగే ఉన్నాయి. మరి ఇది అసంపూర్తి కాదా? ఇది మ్యూజియంలో ఎందుకుంది, మా పాపది అటక మీద ఎందుకుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. పాపకి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి.

రెండో_కాఫీ
ముందు ఆ పుస్తకం అటక మీంచి దింపండి అక్కా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పాత_సంచిక
అది "స్టడీ" అండీ. అంటే పెద్ద బొమ్మ వేసే ముందు అందులోని ఒక్కో మనిషినీ విడిగా గీసి చూసుకోవడం. ఆ ముసలాయన్ని డెగా "నాట్య పాఠం" అనే పాస్టెల్ చిత్రం కోసం గీశాడు. స్టడీ చిన్నది, సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు. మన స్కూలు డ్రాయింగ్ షీటు పక్కన పెడితే చిన్నగా కనిపిస్తుంది. పెద్ద చిత్రం చూస్తే ఆయన అదే పనిగా ఫిడేలు మీదికి వంగి ఉంటాడు, డాన్సు నేర్చుకునే అమ్మాయి కాలెత్తి నిలబడి ఉంటుంది. గోడా గదీ అన్నీ పెద్ద చిత్రంలో ఉన్నాయి. స్టడీకి వాటితో పని లేదు.

నల్లబల్ల
నేను 22 ఏళ్ళుగా బడిలో డ్రాయింగ్ చెబుతున్నాను. పోటీలకు జడ్జిగా కూడా కూర్చున్నాను, కాబట్టి అటు వైపు మాట కూడా వినండి. ఒక పూటలో మూడు నాలుగు వందల షీట్లు చూడాలి. గళ్ళు కనిపించాయంటే ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు కాగితం మీద గీసి, గడి గడికీ కాపీ కొట్టారని అనుకుంటాం. నూటికి తొంభై సార్లు అదే నిజం. డెగా గొప్పవాడే, కానీ డెగా పోటీకి పంపలేదు. పోటీకి పూర్తయిన బొమ్మ పంపాలి. స్టడీ ఇంట్లో ఉంచుకోవాలి.

సీతమ్మధార_అమ్మ
@నల్లబల్ల గారూ, మా పాప ఫోటో చూసి వేయలేదండీ. తాతయ్యనే చూస్తూ వేసింది. మొదట చిన్న నోట్‌బుక్కులో వేసి, దాన్ని పెద్ద షీటు మీదికి ఎక్కించడానికి గళ్ళు గీసింది. తర్వాత మళ్ళీ ఆయన్ని చూసి దిద్దింది.

గళ్ళ_గోవిందు
ఆ ఒక్క మాటతో కథే మారిపోయింది. మాస్టారూ, వినండి.

మా నాన్న సినిమా కటౌట్లు రాసేవారు. విజయవాడలో, తర్వాత కొన్నాళ్ళు హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర. అరచెయ్యంత స్టిల్ ఇస్తే నలభై అడుగుల హీరో లేవాలి. గళ్ళు కొట్టకుండా ఎవడి వల్ల అవుతుంది? సున్నం రాసిన దారం లాగి వదిలితే గోడంత గుడ్డ మీద గళ్ళు పడేవి. మేం పిల్లలం ఆ దారానికి రెండో కొస పట్టుకునేవాళ్ళం. గళ్ళంటే మాకు నిచ్చెనతో సమానం. నిచ్చెన ఎక్కినవాణ్ణి మోసగాడు అంటారా?

నల్లబల్ల
అనను గోవిందూ. కానీ గడిలో ఏం ఉందో అర్థం కాకుండా గీత మాత్రం దింపే పిల్లల్ని రోజూ చూస్తాను. ముక్కు ఎక్కడుందో తెలుసు, ముక్కు ఎలా ఉందో తెలియదు. దాని గురించే నా బాధ.

పాత_సంచిక
డెగా కూడా గళ్ళు కొట్టేవాడు మాస్టారూ, ఇది ఊహ కాదు. అదే మ్యూజియంలో "కూర్చున్న నర్తకి" అని ఇంకో స్టడీ ఉంది, 1873-74 నాటిది. గులాబీ రంగు కాగితం మీద పెన్సిలు, బొగ్గు, తెల్ల చాక్. దాని మీద గళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. గళ్ళు బొమ్మ కింద ఉన్నాయా, మీద ఉన్నాయా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మనిషిని చూసి గీసిన తర్వాత, ఆ గీతని పెద్ద చిత్రంలోకి చేర్చడానికి గళ్ళు గీశాడు. బొమ్మ ముందు పుట్టింది, గళ్ళు తర్వాత వచ్చాయి. కాపీ కొట్టేవాడికి గళ్ళు ముందు, బొమ్మ తర్వాత. సీతమ్మధార పాప చేసింది డెగా చేసిన పనే.

రెండో_కాఫీ
ఈ పోస్టు ప్రింటు తీసి పాప గదిలో అంటించండి అక్కా.

మంద్రస్థాయి
నేను ఫిడేలు మనిషిని, బొమ్మల మనిషిని కాను. ఆ లింకు తెరిచి అరగంట చూశాను. ఒక మాట చెప్పాలి.

ఫిడేలు వాయించే బొమ్మలు చాలా చూశాం. క్యాలెండర్లలో, పెళ్ళి కార్డుల మీద, ఆఖరికి పాఠ్యపుస్తకాల్లో కూడా. నూటికి తొంభైలో కమాను తీగలకు అడ్డంగా ఉండదు, ఏటవాలుగా జారిపోతుంటుంది. ఎడమ మణికట్టు విరిగినట్టు ఉంటుంది. వేసినవాళ్ళకు వాద్యం ఒక అలంకారం, అంతే. ఇక్కడ మాత్రం ఆ ముసలాయన భుజం చూడండి. ఏళ్ళ తరబడి ఒకే వైపు వాద్యం మోసిన మనిషి భుజం. మెడ అటే ఒంగి ఉంది. మా గురువుగారు యూరోపు పద్ధతిలో పట్టేవారు కాదు, మన పద్ధతిలో నేల మీద కూర్చుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి వాయించేవారు. అయినా ఆయన మెడ కూడా అటే ఒంగి ఉండేది. నడుస్తున్నప్పుడు కూడా. అంతదూరం ఫ్రాన్సులో, 140 ఏళ్ళ కిందటి మనిషిలో మా గురువుగారి మెడ కనిపించింది నాకు.

యానాం_అబ్బాయి
మంద్రస్థాయి గారు చెప్పిందానికి సాక్ష్యం డెగా చేతిరాతలోనే ఉంది. ఆయన నోట్‌బుక్కులు 38 మిగిలాయి, వాటిలో ఎక్కువ భాగం పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఒకదాంట్లో తను వేయాల్సిన బొమ్మల గురించి తనకు తనే రాసుకున్నాడు. సంగీతకారుల మీద ఒక వరస బొమ్మలు వేయాలి, వాద్యాల ఆకారాలు వేయాలి, వయొలిన్ వాయించేవాడి చెయ్యీ బాహువూ మెడా ఎలా మెలి తిరుగుతాయో వేయాలి, బసూన్ (పొడవాటి ఊదే వాద్యం) ఊదేవాళ్ళ బుగ్గలు ఎలా ఉబ్బి లోపలికి పోతాయో వేయాలి అని. నేను సొంత మాటల్లో చెబుతున్నాను, భావం ఇదే. ఆ మెడ కాకతాళీయం కాదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు.

మంద్రస్థాయి
ఇది చదివి ఒళ్ళు జలదరించింది. మెడ అని రాసుకున్నాడా!

పాత_సంచిక
వాళ్ళ ఇంట్లోనే సంగీతం ఉండేది. తండ్రి బ్యాంకరు, కానీ ఇంట్లో కచేరీలు పెట్టించేవాడు. పాగాన్స్ అనే స్పెయిన్ గాయకుడు గిటారు వాయిస్తూ పాడుతుంటే తండ్రి ముందుకు వంగి వింటున్నట్టు డెగా వేసిన చిత్రం పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. 1870 ప్రాంతంలో "ఆపెరా ఆర్కెస్ట్రా" వేశాడు. అందులో మధ్యన బసూన్ ఊదుతున్నది ఆయన స్నేహితుడు డిజిరే దియో. మామూలుగా ఆర్కెస్ట్రాలో బసూన్ ముందు వరసలో ఉండదు. స్నేహితుడి కోసం ముందుకు లాక్కొచ్చాడు. వేదిక మీది నర్తకులకు తలలే ఉండవు ఆ చిత్రంలో, కాళ్ళూ గౌన్లూ మాత్రమే. తలలన్నీ వాయిద్యగాళ్ళవే.

గళ్ళ_గోవిందు
నర్తకుల తలలు తీసేసి ఫిడేలు వాళ్ళని పైకి తెచ్చాడంటే మా నాన్నకి బాగా నచ్చేవాడు. మా నాన్న ఎప్పుడూ అనేవారు, హీరో వెనకాల డప్పు కొట్టేవాణ్ణి ఒక్కసారైనా నలభై అడుగులు రాయాలని. ఏ నిర్మాతా ఒప్పుకోలేదు.

కొత్తగా_చేరాను
ఒక డౌటు. డాన్సు క్లాసులో ఫిడేలు ఎందుకు? బాలే అంటే పియానో కదా?

యానాం_అబ్బాయి
ఇప్పుడు పియానో. ఆ రోజుల్లో పాఠానికీ రిహార్సలుకీ ఫిడేలే. అంతకు ముందు తరాల డాన్సు మాస్టర్లు జేబులో పట్టే చిన్న ఫిడేలు ఒకటి పెట్టుకుని, తామే వాయిస్తూ తామే అడుగులు చెప్పేవాళ్ళు. దాని పేరే "పొషెట్", అంటే చిన్న జేబు. డెగా కాలానికి పాఠం చెప్పేవాడు వేరు, వాయించేవాడు వేరు. వాయించే ఆయన రోజంతా అవే నాలుగు వరసలు, ఎవరో ఒక పిల్ల కాలు సరిగా లేపేదాకా. ఎవరూ చప్పట్లు కొట్టరు.

మంద్రస్థాయి
మన దగ్గర కూడా ఇలాంటి ముడి ఒకటుంది. తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో వడివేలు నట్టువాంగంలో (తాళం వేస్తూ నాట్యం నడిపించడంలో) మేటి, ఫిడేలులోనూ మేటి. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆయనకు 1834లో దంతపు ఫిడేలు బహూకరించారు. డెగా పుట్టిన సంవత్సరం కూడా 1834. నాట్యం చెప్పే ఇంట్లో ఫిడేలు ఉండటం అక్కడా ఇక్కడా ఒకేసారి జరిగింది.

రెండో_కాఫీ
మా అక్క కూచిపూడి క్లాసులో ఫిడేలు మావయ్య ఒకాయన వచ్చేవారు. పేరు ఎవరికీ తెలియదు, "ఫిడేలు మావయ్యా" అనే పిలిచేవాళ్ళం. పిల్లలు తప్పు వేసినప్పుడల్లా ఆయన మొదటికి వచ్చేవారు. ఒక్కసారి విసుక్కోలేదు. అరంగేట్రం ఫోటోల్లో ఆయన ఎక్కడా లేరు. ఇప్పుడు ఈ డెగా బొమ్మ చూస్తుంటే ఆయన ఒక్క ఫోటో అయినా తీసి ఉండాల్సింది అనిపిస్తోంది.

నల్లబల్ల
సాంకేతికంగా ఒక విషయం. ఆకుపచ్చ కాగితం ఎందుకు అని ఎవరూ అడగలేదు. తెల్ల కాగితం మీద గీస్తే చీకటి ఒక్కటే మన చేతిలో ఉంటుంది, వెలుగు కాగితం ఇస్తుంది. రంగు కాగితం మధ్యస్థంగా ఉంటుంది. బొగ్గుతో చీకటి వైపు వెళ్ళొచ్చు, తెల్ల చాక్‌తోనో పాస్టెల్‌తోనో వెలుగు వైపు వెళ్ళొచ్చు. సగం పని కాగితమే చేస్తుంది. మనిషి కుదురుగా కూర్చునే సమయం తక్కువైనప్పుడు ఇది పెద్ద వరం. ఫిడేలు వాయించేవాడు అసలే కుదురుగా ఉండడు.

హడ్సన్_అవతల
జెర్సీ సిటీలో ఉంటాను. మెట్ మ్యూజియంకి ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తాను. "నాట్య పాఠం" పాస్టెల్ చూశాను. దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఒకే కాగితం కాదు, మూడు ముక్కలు అతికించి వేసినది. వేస్తూ వేస్తూ చోటు చాలకపోతే కాగితం అతికించుకుంటూ పోవడం ఆయనకు అలవాటు. అతుకులు దాచలేదు. పాప షీటు మీది గళ్ళ గురించి చదువుతుంటే ఆ అతుకులే గుర్తొచ్చాయి.

స్టడీ మాత్రం గోడ మీద కనిపించలేదు. కాగితం మీది బొమ్మలకు వెలుగు పడదు, కొన్నాళ్ళు చూపించి మళ్ళీ చీకట్లో పెట్టేస్తారు. ముందుగా అనుమతి తీసుకుంటే డ్రాయింగుల గదిలో కూర్చుని చూడొచ్చట. ఈసారి ప్రయత్నిస్తాను.

కొత్తగా_చేరాను
స్టడీ, పెద్ద బొమ్మ రెండూ ఒకే మ్యూజియంలో ఉన్నాయంటే డెగా వాళ్ళకే అమ్మాడా?

పాత_సంచిక
లేదు, ఇది పెద్ద కథ. నాకు చాలా ఇష్టమైన కథ కూడా. కాస్త ఓపిక పట్టండి.

పాస్టెల్ చిత్రం గుస్తావ్ కైబోత్ దగ్గరికి చేరింది. ఆయన కూడా చిత్రకారుడే, డబ్బున్నవాడు. స్నేహితుల బొమ్మలు ఎవరూ కొనని రోజుల్లో కొని పెట్టుకున్నాడు. 1894లో చనిపోతూ తన సేకరణ ప్రభుత్వానికి రాసిచ్చాడు. వీలునామా అమలు చేసే బాధ్యత ఆయన స్నేహితుడు, చిత్రకారుడు రెన్వార్‌ది. ఆ శ్రమకు ఒక చిత్రం తను తీసుకోవచ్చు. రెన్వార్ ఈ "నాట్య పాఠం" తీసుకున్నాడు.

తర్వాత జరిగింది అంబ్రాజ్ వోలార్ అనే బొమ్మల వ్యాపారి రాశాడు. రోజూ గోడ మీద ఆ ఫిడేలు ఆయన వంగి ఉండటం, ఆ అమ్మాయి కాలెత్తి స్వరం కోసం ఎదురుచూడటం చూసి చూసి రెన్వార్‌కి విసుగొచ్చిందట. ఒకరోజు డ్యూరాన్ రుయెల్ అనే డీలరు, బాగా పూర్తి చేసిన డెగా చిత్రం ఏదైనా ఉంటే కొనేవాళ్ళున్నారు అనగానే గోడ మీంచి తీసి ఇచ్చేశాడట. ఈ సంగతి తెలిసి డెగా మండిపడ్డాడు. గతంలో రెన్వార్ తనకిచ్చిన మంచి చిత్రాన్ని తిప్పి పంపేశాడట.

ఆ పాస్టెల్ అమెరికాలో హావెమేయర్ కుటుంబానికి చేరింది. వాళ్ళ నుంచి 1971లో మెట్‌కి వచ్చింది.

గళ్ళ_గోవిందు
"బాగా పూర్తి చేసిన" చిత్రం అన్న మాట పట్టుకోండి. పూర్తయినదాన్ని స్నేహితుడు అమ్మేసుకున్నాడు. పూర్తి కానిదో?

పాత_సంచిక
అదే చెప్పబోతున్నాను గోవిందూ. స్టడీని డెగా ఎవరికీ ఇవ్వలేదు. తన స్టడీలు చాలావరకు చచ్చేదాకా తన దగ్గరే పెట్టుకున్నాడు. మళ్ళీ మళ్ళీ తీసి వాడుకునేవాడు. ఒక భంగిమ పదేళ్ళ తర్వాత ఇంకో చిత్రంలో తేలేది. 1917 సెప్టెంబరులో చనిపోయాక స్టూడియో తెరిస్తే వేల కాగితాలు. 1918, 1919ల్లో పారిస్‌లో నాలుగు విడతలుగా వేలం వేశారు. మొదటి వేలం జరిగేటప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, జర్మన్లు దూరం నుంచి పారిస్ మీద ఫిరంగి గుళ్ళు వేస్తున్నారు. అయినా జనం వెళ్ళి కొన్నారు. ఈ ఫిడేలు స్టడీ మెట్‌కి 1918లో చేరింది, రోజర్స్ అనే ఆయన వదిలి వెళ్ళిన నిధితో.

అంటే స్టడీ ముందు వచ్చింది. దాని పెద్ద చిత్రం యాభై ఏళ్ళకు పైగా తర్వాత అదే ఇంటికి వచ్చింది.

హడ్సన్_అవతల
ఈ సంగతి తెలియకుండా ఇన్నిసార్లు ఆ గది దాటి వెళ్ళాను.

కొత్తగా_చేరాను
కొన్ని డెగా డ్రాయింగుల మీద కింద ఎర్రగా "డెగా" అని ఉంటుంది, అది సంతకమేనా?

పాత_సంచిక
కాదు. వేలంలో పెట్టిన వాటికి వేసిన ముద్ర. ఆయన చేత్తో పెట్టింది కాదు. ఎక్కువగా తను పూర్తయిందనుకున్న వాటి మీదే డెగా సంతకం చేసేవాడు.

నల్లబల్ల
అదిగో, చూశారా! ఆయనకు కూడా పూర్తయినది వేరు, కానిది వేరు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

యానాం_అబ్బాయి
ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ వేరు అని అనడం, తక్కువ అని అనడం ఒకటి కాదు కదా. ఆయన సంతకం చేయలేదు, కానీ పారేయలేదు కూడా. ఆ కాగితం ఇల్లు మారినప్పుడల్లా ఆయనతో పాటే మారింది. నలభై ఏళ్ళు.

నల్లబల్ల
సరే, ఇది కొట్టిపారేయలేను.

యానాం_అబ్బాయి
ఇంకో మాట. డెగా ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1855లో, అప్పటికే పేరున్న ముసలి చిత్రకారుడు ఆంగ్ర్‌ని కలిశాడు. గీతలు గీయి, ఇంకా చాలా గీతలు గీయి, చూసి గీయి, గుర్తు తెచ్చుకుని గీయి అని ఆయన చెప్పాడట. జీవితాంతం డెగా ఆ మాట చెప్పుకున్నాడు. ఆ ఆంగ్ర్ కూడా ఫిడేలు వాయించేవాడు తెలుసా! కుర్రతనంలో తులూజ్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఫ్రెంచిలో ఇప్పటికీ, అసలు వృత్తి పక్కన మనసుపడి చేసే రెండో పనిని "ఆంగ్ర్ గారి వయొలిన్" అంటారు. యానాంలో మా ఫ్రెంచి టీచరు ఈ మాట చెప్పి, నీ ఆంగ్ర్ వయొలిన్ ఏమిటి అని క్లాసులో ఒక్కొక్కరినీ అడిగేది. నేను చేపలు పట్టడం అన్నాను.

ఆంగ్ర్ 1819లో రోములో ఇటలీ ఫిడేలు విద్వాంసుడు పగనీనీ బొమ్మ పెన్సిల్‌తో గీశాడు, అది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మంద్రస్థాయి గారూ, దాన్ని కూడా చూసి చెప్పండి.

మంద్రస్థాయి
చూశాను. అబ్బ, ఎంత నున్నగా గీశాడు! కోటు గుండీ దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. పగనీనీ నిలబడి ఉన్నాడు, ఫిడేలు చంకలో ఉంది. మహా విద్వాంసుడి ముఖం అది. కానీ వాయించడం లేదు. డెగా ముసలాయనకు పేరు లేదు, ఆయన మాత్రం వాయిస్తున్నాడు. నాకు రెండోదే కావాలి.

రెండో_కాఫీ
నేను ఒప్పుకోను. పగనీనీ బొమ్మలో ఆ వేళ్ళు చూడండి, వాయించకపోయినా వాయించినట్టే ఉన్నాయి. బొమ్మ అంటే అదీ. డెగాది బాగుంది కానీ ఇంట్లో గోడకి ఏది పెట్టుకుంటావంటే పగనీనీయే.

గళ్ళ_గోవిందు
గోడకి పెట్టేది వేరు, పక్కన పెట్టుకుని నేర్చుకునేది వేరు తమ్ముడూ.

నల్లబల్ల
రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఒక పని చేశాను. మా ఎనిమిదో తరగతి పిల్లలకు నిన్న రబ్బర్లు తీసి సంచుల్లో పెట్టేయమన్నాను. అటెండర్ని కుర్చీలో కూర్చోబెట్టి పావుగంటలో గీయమన్నాను. తప్పు గీత చెరపకుండా పక్కనే సరైన గీత గీయాలి. మొదట అందరికీ టెన్షన్. తర్వాత గదిలో చప్పుడు లేదు. నలభై రెండు మంది గీశారు. ఏడెనిమిది బొమ్మల్లో ఆయన కూర్చునే తీరు నిజంగా దొరికింది. కుడి మోకాలు నొప్పి వల్ల ఆయన ఒక కాలు చాచి కూర్చుంటాడు. నేను పదకొండేళ్ళుగా ఆయన్ని చూస్తున్నాను, ఆ సంగతి నిన్న పిల్లల కాగితాల్లో చూశాను.

సీతమ్మధార అమ్మగారూ, కమాను చెయ్యి రెండుసార్లు గీసిందని రాశారు కదా. వీలైతే ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి. నేను చూస్తాను.

సీతమ్మధార_అమ్మ
పెట్టాను మాస్టారూ. పాప ఒప్పుకుంది. పుస్తకం కూడా దింపింది.

మంద్రస్థాయి
ఆ రెండు చేతులూ తప్పు కాదు! పై గీతలో మోచెయ్యి పైకుంది, అది మంద్రం తీగ మీద కమాను ఉన్నప్పుడు. కింది గీతలో మోచెయ్యి దిగింది, సన్న తీగ మీదికి వచ్చినప్పుడు. ఒక్కో తీగకు మోచెయ్యి ఎత్తు మారుతుంది. ఆయన వాయిస్తూ ఉన్నారు, పాప చూసింది చూసినట్టు గీసింది. ఎడమ చెయ్యి కూడా చక్కగా కుదిరింది. తాతయ్యగారి కమాను మాత్రం కొత్త వెంట్రుకలు అడుగుతోందమ్మా, బొమ్మలోనే తెలుస్తోంది.

సీతమ్మధార_అమ్మ
ఆ చివరి మాట మా మామగారికి చదివి వినిపించాను. రెండేళ్ళుగా అనుకుంటున్నాను అన్నారు. పాప గట్టిగా నవ్వింది.

నల్లబల్ల
చూశాను. తల, భుజం, ఎడమ చెయ్యి బాగున్నాయి. కూర్చున్న పీట మీద బరువు పడలేదు, మనిషి కాస్త తేలుతున్నాడు. కుడి పాదం మీద ఫిడేలు తల ఆనిన చోట నీడ ఒక్కటి గట్టిగా పడితే కిందికి దిగుతాడు. గళ్ళు చెరపవద్దని చెప్పండి. తేదీ వేసి దాచమనండి. పెద్ద బొమ్మ ఇంకో షీటు మీద వేయాలి, అందులో గళ్ళు లేతగా గీసుకుని తర్వాత తుడవాలి. పోటీకి ఆ రెండోది పంపండి.

వెనకాల ఎర్ర ఇంకుతో రాయడం మాత్రం తప్పు. పిల్లల బొమ్మ మీద ఎవరూ అలా రాయకూడదు. నేను కూడా రాశాను కొన్నిసార్లు. ఇక రాయను.

కొత్తగా_చేరాను
ఆకుపచ్చ కాగితం ఎక్కడ దొరుకుతుంది?

గళ్ళ_గోవిందు
పెద్ద స్టేషనరీ షాపుల్లో పాస్టెల్ పేపరు అని అడుగు. దొరక్కపోతే పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు గరుకు వైపు వాడు, అద్భుతంగా పనిచేస్తుంది. తెల్ల చాక్‌పీసు మాస్టారి దగ్గర ఉంటుంది. బొగ్గు చెదరకుండా మేం హెయిర్ స్ప్రే కొట్టేవాళ్ళం. దూరం నుంచి పలచగా కొట్టాలి, లేదంటే మరకలు పడతాయి.

హడ్సన్_అవతల
డ్రాయింగుల గది కోసం మెయిల్ పెట్టాను. అనుమతి వస్తే ఆ ముసలాయన్ని దగ్గర్నుంచి చూసి, పాప కోసం ఏం చూడమంటారో అది చూసి వస్తాను. ఏం చూడాలి?

సీతమ్మధార_అమ్మ
పాపని అడిగాను. ఆయన కూడా కమాను చెయ్యి రెండుసార్లు గీశాడా, చెరిపిన గుర్తులు ఉన్నాయా అని చూడమంటోంది.

ఇప్పుడు వరండాలో కూర్చున్నారు ఇద్దరూ. గోవిందు గారు చెప్పిన బ్రౌన్ పేపరే తెచ్చాను. చెయ్యి కదలకుండా ఉండాలని తాతయ్య ఇవాళ కీర్తన వద్దన్నారు, మంద్ర షడ్జమం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలైంది. ఇల్లంతా అదే మోగుతోంది.